బోల్టు వెనక పొగ ఎంత? బ్రస్సెల్స్ అడుగుతోంది, బాలానగర్ చెప్పాలి

హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. మెడలో ఐడీ కార్డు, వీపు మీద ల్యాప్‌టాప్ బ్యాగు ఉన్నవాళ్లంతా అక్కడ దిగిపోతారు. అలాగే కూర్చుంటే బోరబండ, భరత్‌నగర్ దాటి ఫతేనగర్ వస్తుంది. అక్కడ దిగేవాళ్ల చేతుల్లో టిఫిన్ డబ్బాలు, గోళ్ల సందుల్లో ఎంత తోమినా పోని గ్రీజు. పక్కనే బాలానగర్. లేత్ మిషన్లు, ఫోర్జింగ్ షెడ్లు, బోల్టులు, నట్లు, ఫ్లాంజీలు.

ఒకే పట్టా మీద ఉన్నా ఈ రెండు చోట్లకీ చుట్టరికం ఉన్నట్టు పైకి కనిపించదు. కానీ కొంతకాలంగా రెండు చోట్లకీ విదేశాల నుంచి ఒకటే ప్రశ్న మెయిల్‌లో వస్తోంది. మీరు మాకు అమ్మేదాని వెనక ఎంత కార్బన్ ఉంది?

హైటెక్ సిటీలో ఆ మెయిల్‌కి జవాబు తయారు చేసే టీమ్‌లో నేనున్నాను. బాలానగర్‌లో జవాబు చెప్పాల్సింది మా చిన్నాయన. ఇద్దరం ఉండేది హఫీజ్‌పేట్‌లో ఒకే గల్లీలో కాబట్టి ఆయన మెయిల్ కూడా రాత్రికల్లా నా వాట్సాప్‌కే వస్తుంది. పైన ఒక్క ముక్క రాసి పంపుతాడు: "ఏందిరా ఇది?"

అదేంటో చెప్పాలంటే ముందు యూరప్ వెళ్లి రావాలి.

సరిహద్దు దగ్గర కార్బన్ కాటా

యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి కార్బన్ మార్కెట్ ఉంది. అక్కడి స్టీలు, సిమెంట్, కరెంటు కంపెనీలు వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కీ ఒక పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ ధర స్టాక్ మార్కెట్‌లో షేరులా రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ఒకసారి 100 యూరోలు దాటింది కూడా.

మరి ఇలా వాత పెడితే అక్కడి ఫ్యాక్టరీలు ఊరుకుంటాయా? "మేం కార్బన్‌కి డబ్బు కట్టాలి, ఇండియా నుంచో చైనా నుంచో వచ్చే స్టీలుకి ఏమీ ఉండదు, ఇదెక్కడి న్యాయం" అన్నాయి. ఇన్నాళ్లూ వాటిని ఊరడించడానికి ఈయూ చాలా పర్మిట్లు ఫ్రీగా ఇచ్చింది. ఇప్పుడు ఆ ఫ్రీ పర్మిట్లు మెల్లగా తీసేస్తూ, బయటి నుంచి వచ్చే సరుకు మీద కూడా అదే ధర వేస్తోంది. దాని పేరు కార్బన్ బోర్డర్ అడ్జస్ట్‌మెంట్ మెకానిజం, పొట్టిగా సీబామ్. స్టీలు, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దీని కిందికి వస్తాయి. 2023 అక్టోబర్ 1 నుంచి 2025 చివరిదాకా లెక్కలు చెబితే చాలన్నారు. 2026 జనవరి 1 నుంచి దిగుమతయ్యే సరుకు మీద డబ్బు పడుతుంది.

కట్టేది మనం కాదు, అక్కడ సరుకు దిగుమతి చేసుకునేవాడు. అమ్మయ్య అనుకోకండి. వాడి చేతి చమురు వదిలితే తర్వాతి ఆర్డర్‌లో రేటు తగ్గించమని మన మెడ మీదే కూర్చుంటాడు. లేదంటే తక్కువ కార్బన్ ఉన్న ఇంకో దేశం సప్లయర్‌ని వెతుక్కుంటాడు.

ఎంత పడుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలు. కార్బన్ ధర టన్నుకి 75 యూరోలు, యూరో 100 రూపాయలు. మన స్టీలు టన్ను తయారవడానికి 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడింది. ఈయూ ఆ రకం స్టీలుకి పెట్టుకున్న ప్రమాణం 1.4 టన్నులు. 2026లో ఆ ప్రమాణంలో 97.5 శాతం వరకు మాఫీ, అంటే 1.365 టన్నులు. మిగిలిన 1.135 టన్నులకి 85 యూరోలు. మన డబ్బుల్లో టన్ను స్టీలు మీద 8,500 రూపాయలు. ఈ మాఫీ ఏటా కరుగుతూ 2034 నాటికి సున్నా అవుతుంది. అప్పుడు అదే టన్ను మీద 18,750.

"మొదటి ఏడాది 2.5 శాతమే కదా" అని కొందరు తేలిగ్గా తీసేస్తున్నారు. అదే తిరకాసు. ఆ 2.5 శాతం ప్రమాణం లోపల ఉన్నదానికే. ప్రమాణం దాటినదానికి మొదటి రోజు నుంచే ఫుల్ రేటు. మన దేశంలో టన్ను స్టీలుకి సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ వెలువడుతుంది, ప్రపంచ సగటు 1.9 దగ్గర ఉంది. అంటే ప్రమాణం దాటే బ్యాచ్‌లో మనం ముందు బెంచీలోనే ఉన్నాం. మన స్టీలు ఎగుమతులకి యూరప్ పెద్ద మార్కెట్లలో ఒకటి. కాబట్టి దీన్ని ఎవరో నలుగురు ఎగుమతిదారుల గొడవ అనుకోవడం కుదరదు.

చిన్నాయన షెడ్డులో లేని పొగ

ఇప్పుడు బాలానగర్ వద్దాం. మా చిన్నాయన తయారు చేసేవి హై టెన్సైల్ బోల్టులు. వైర్ రాడ్ కొంటాడు, కోస్తాడు, తల కొడతాడు, మరలు తీస్తాడు, హీట్ ట్రీట్‌మెంట్‌కి బయటికి పంపిస్తాడు. సరుకు ఒక ఎగుమతి సంస్థ ద్వారా జర్మనీ పోతుంది. బోల్టులు, నట్లు కూడా సీబామ్ జాబితాలో ఉన్నాయి. అందుకే ఆయనకి ఆ ఎక్సెల్ ఫారం వచ్చింది.

ఫారం చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ నచ్చుతుంది. "మనం బోల్టులు అమ్ముతున్నమా, పొగ అమ్ముతున్నమా? నా షెడ్డుకి చిమ్నీనే లేదు గదరా."

నిజమే, లేదు. బోల్టు వెనక ఉన్న కార్బన్‌లో సింహభాగం ఆయన షెడ్డులో పుట్టలేదు, వైర్ రాడ్ తయారైన చోట పుట్టింది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజంతో పాటు కోక్ వేస్తారు. కోక్ అక్కడ వేడి కోసమే కాదు, ఖనిజంలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేయడానికి కూడా. ఆ ఆక్సిజన్, కోక్‌లోని కార్బన్ కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతాయి. ఎంత బాగా నడిపినా ఆ రసాయనం మారదు. మన విశాఖ ఉక్కు కర్మాగారం కూడా బ్లాస్ట్ ఫర్నేస్‌లదే. ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యం, వైర్ రాడ్‌కి మంచి పేరు. సొంత ఇనుప గనులు లేక ఇప్పటికే సతమతమవుతున్న ప్లాంటు అది. దాన్ని నిలబెట్టడం గురించి మాట్లాడేటప్పుడు టన్నుకి ఎంత కార్బన్ అన్న అంకె కూడా ఇకపై అప్పుల అంకె పక్కనే ఉంటుంది.

ఇంకో దారి ఇండక్షన్ ఫర్నేస్. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి మిల్లులు చాలా ఉన్నాయి. పాత ఇనుప తుక్కుని కరెంటుతో కరిగిస్తారు. అక్కడ నేరుగా వెలువడే కార్బన్ చాలా తక్కువ. ఆ కరెంటు బొగ్గు మండించి తీసిందే అయినా ప్రస్తుతానికి స్టీలు విషయంలో సీబామ్ కరెంటు వెనక కార్బన్‌ని లెక్కలోకి తీసుకోవట్లేదు. నేరుగా వెలువడినదాన్నే చూస్తోంది. తుక్కుకి బదులు బొగ్గుతో చేసిన స్పాంజ్ ఐరన్ ఎక్కువ కలిపితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

అంటే మా చిన్నాయన పక్కపక్కనే రెండు కాయిల్స్ పెట్టుకుంటే చూడ్డానికి రెండూ ఒకటే. గట్టిదనం ఒకటే, రేటు కూడా ఇంచుమించు ఒకటే. కానీ హాంబర్గ్ రేవులో ఒకటి ఖరీదు, ఇంకోటి చవక. ఏది ఏదో తెలియాలంటే మిల్లు వాళ్లు అంకె ఇవ్వాలి. ఆయనకి సరుకు ఇచ్చే మిల్లు చాలాకాలం "అలాంటివేవీ మేం ఇవ్వం" అంది. డీలర్‌కి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అసలు అంకె లేకపోతే ఈయూ తన డిఫాల్ట్ అంకె వాడుకుంటుంది. అది దేశం సగటుని తీసుకుని పైన ఇంకాస్త కలిపి పెట్టింది. తుక్కుతో చేసిన శుభ్రమైన బోల్టు కూడా కాగితం లేకపోతే బొగ్గు బోల్టు కిందే జమ.

ఆ కాగితాన్ని ధ్రువీకరించడానికి గుర్తింపు పొందిన వెరిఫయర్ కావాలి. ఫీజు విని చిన్నాయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. వేల టన్నులు పంపే పెద్ద కంపెనీకి ఆ ఫీజు లెక్కలోకే రాదు. నెలకి ఐదారు టన్నులు పంపేవాడికి అది లాభంలో సగం. ఈయూ 2025లో ఒక సడలింపు ఇచ్చింది. ఏడాదికి 50 టన్నుల లోపు దిగుమతి చేసుకునేవాళ్లకి మినహాయింపు. బాగుంది కానీ ఆ 50 టన్నులు లెక్కపెట్టేది దిగుమతిదారుడి మొత్తం సరుకు మీద. జర్మనీ బయ్యర్ నలుగురి దగ్గర కొంటే నలుగురివీ కలిపి చూస్తారు. చిన్నవాడు చిన్నవాడి దగ్గరే కొంటాడని బ్రస్సెల్స్ ఎందుకు అనుకుందో మరి.

హైటెక్ సిటీలో లెక్క తిరగబడింది

మా ఆఫీసులో ఫర్నేస్ లేదు. సీబామ్‌కి సాఫ్ట్‌వేర్‌తో పని లేదు. మరి నా మెయిల్ ఎక్కడి నుంచి వచ్చింది? కాలిఫోర్నియా నుంచి.

అమెరికా కేంద్ర ప్రభుత్వం 2025 జనవరిలో పారిస్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కానీ కాలిఫోర్నియా రాష్ట్రం 2023లోనే సొంతంగా ఒక చట్టం చేసుకుంది. ఏటా 100 కోట్ల డాలర్లకి మించి ఆదాయం ఉండి, ఆ రాష్ట్రంలో వ్యాపారం చేసే ప్రతి కంపెనీ తన కార్బన్ లెక్క బయటపెట్టాలి. 2026లో సొంత పొగ, కొన్న కరెంటు. 2027 నుంచి సప్లయర్ల లెక్క కూడా. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనొచ్చు. కానీ ఆ ఉలిపికట్టె దగ్గరే ప్రపంచంలోని పెద్ద టెక్ కంపెనీలు చాలా ఉన్నాయి. వాటికి సప్లయర్లు ఎవరు? మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో మనమే.

స్టీలుకి లెక్కలోకి రాని కరెంటే మాకు సర్వస్వం. ఏసీలు, సర్వర్లు, లిఫ్టులు. మన దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకి సగటున 0.7 కిలోల పైనే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఈ సగటుని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ దేశం మొత్తానికీ ఒకటే ఇస్తుంది. ఆ పద్ధతిలో చూస్తే హైదరాబాద్ ఆఫీసూ బెంగళూరు ఆఫీసూ సమానమే. కానీ "మేం సోలార్ కరెంటు కొన్నాం, ఇదిగో కాంట్రాక్టు" అని చూపించగలిగితే ఇంకో పద్ధతిలో అంకె బాగా తగ్గించుకోవచ్చు. క్లయింట్లు చూసేది ఆ రెండో అంకెనే. కొత్త ప్రాజెక్టు హైదరాబాద్‌కి ఇవ్వాలా, పుణేకి ఇవ్వాలా, పోలండ్‌కి ఇవ్వాలా అన్న స్లైడ్‌లో జీతాల పక్కన ఇప్పుడు ఆ అంకెకీ ఒక గడి ఉంటోంది. దాని వల్లే ప్రాజెక్టు పోయిందని చెప్పలేను. గడి మాత్రం ఉంది, రెండేళ్ల కింద లేదు.

మరి సోలార్ కరెంటు కొనడం ఎంత తేలిక? ఇక్కడ మన రాష్ట్రాల సంగతి వస్తుంది.

2022 జూన్‌లో కేంద్రం గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు తెచ్చింది. అంతకుముందు ఒక మెగావాట్ లోడు ఉంటే తప్ప బయట కరెంటు కొనే వీలు లేదు. దాన్ని 100 కిలోవాట్లకి దించింది. చాలా మంచి పని. కానీ అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో తయారైన సోలార్ కరెంటు మన దాకా రావాలంటే వైర్లు డిస్కంలవి, ట్రాన్స్‌కోవి. వీలింగ్ ఛార్జీ, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ ఎంతో తేల్చేది ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు. ప్లాంటు దగ్గర చవగ్గా ఉన్న యూనిట్ మన మీటర్ దాకా వచ్చేసరికి సగం పెళ్లి ఖర్చులు మోసుకొస్తుంది.

డిస్కంల బాధ కూడా ఊరికే కాదు. రైతుకి ఉచిత కరెంటు, పేద ఇళ్లకి తక్కువ రేటు ఇస్తున్నారంటే అందులో కొంత భారం పరిశ్రమలూ ఆఫీసులూ కట్టే ఎక్కువ రేటు మోస్తోంది. పెద్ద కస్టమర్లంతా ఓపెన్ యాక్సెస్‌కి వెళ్లిపోతే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ ప్రశ్నకి ఏ పార్టీ కూడా మైకు ముందు జవాబు చెప్పదు. ప్రస్తుతానికి జవాబు సర్‌ఛార్జీ రూపంలో ఎగుమతిదారుడి బిల్లులో కనిపిస్తోంది.

చిన్నాయన షెడ్డు లోడు 100 కిలోవాట్లకి దిగువనే. కాబట్టి ఆ దారి ఎలాగూ లేదు. కప్పు మీద సోలార్ పెట్టుకుందామంటే షెడ్డు అద్దెది, పైన పాత రేకులు, ఓనర్ ఊళ్లో ఉండడు. బాలానగర్‌లో ఇలాంటి షెడ్లకి కొదవ లేదు. సబ్సిడీ పథకాలు రాసేవాళ్లు ఒకసారి ఆ రేకుల మీద నిలబడి చూస్తే బాగుండు. కానీ నిలబడొద్దు, విరుగుతాయి.

న్యాయమా, కాదా

"యూరప్ వాళ్లు రెండు వందల ఏళ్లు బొగ్గు కాల్చి బాగుపడ్డారు, ఇప్పుడు మనకి బిల్లు వేస్తారా?" మా ఆఫీస్ క్యాంటీన్‌లో ఈ టాపిక్ తీస్తే మొదట వచ్చే మాట ఇది. తప్పు లేదు. సగటు భారతీయుడి వాటాకి వచ్చే కార్బన్ సగటు యూరోపియన్ వాటాలో దాదాపు మూడో వంతే. తిలాపాపం తలా పిడికెడు అంటే, మన పిడికిలి చిన్నది. పైగా వసూలైన డబ్బు యూరప్ ఖజానాలకే పోతుంది, ఇక్కడ ఫర్నేస్ మార్చుకోవడానికి రాదు. భారత ప్రభుత్వం మొదటి నుంచీ దీన్ని వ్యతిరేకిస్తూనే ఉంది. 2026 జనవరిలో ఈయూతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయని ప్రకటించినప్పుడు కూడా సీబామ్ నుంచి మినహాయింపు దొరకలేదు.

నాకు ఇంతకన్నా కోపం తెప్పించేది ఇంకో రూలు. తుక్కుతో చేసిన స్టీలు శుభ్రమని చెప్పే ఈయూనే, తన దగ్గరి తుక్కు బయటికి పోకుండా కట్టడి చేస్తోంది. 2027 మే నుంచి మనలాంటి దేశాలకి వ్యర్థాలు పంపాలంటే ఆ దేశం వాళ్ల అనుమతి జాబితాలో ఉండాలి. ఇనుప తుక్కు కూడా అందులో భాగమే. పర్యావరణం కోసమే అంటారు. వాళ్ల ఫర్నేస్‌లకి తుక్కు కావాలన్నది కూడా అందరికీ తెలిసిందే.

కానీ న్యాయం మన వైపు ఉన్నంత మాత్రాన ఆర్డర్ మన వైపు రాదు. సీబామ్‌లో ఒక వెసులుబాటు ఉంది. సరుకు పుట్టిన దేశంలోనే కార్బన్‌కి ధర కట్టి ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు. అంటే ఆ డబ్బు బ్రస్సెల్స్‌కి పోవాలా, ఢిల్లీలో ఉండాలా అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నోటిఫై చేసింది. 2025 అక్టోబర్‌లో అల్యూమినియం, సిమెంట్, క్లోర్ ఆల్కలీ, కాగితం పరిశ్రమలకి లక్ష్యాలు ఇచ్చింది. 2024 డిసెంబర్‌లో ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్ అంటే ఏంటో తేల్చింది. టన్నుకి 2.2 టన్నుల లోపు ఉంటే గ్రీన్, 1.6 లోపు ఉంటే ఐదు స్టార్లు. ఫ్రిజ్ మీద స్టార్లు చూసి కొన్నట్టు ఇకపై ఇనుము కూడా. మన దగ్గర కార్బన్‌కి పలికే ధర యూరప్ ధరకి దగ్గరగా ఉండకపోతే తగ్గింపు కూడా అంతంతే. అయినా కట్టాల్సిందేదో మన ఫర్నేస్‌లని మార్చే నిధికి కడితేనే మేలని నా అభిప్రాయం.

ఈ కథలో గెలిచే అవకాశం ఉన్నవాళ్లూ మనవాళ్లే. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటు పెడుతున్న ఏఎం గ్రీన్, హైదరాబాద్ గ్రీన్‌కో వ్యవస్థాపకులది. వాళ్ల చూపంతా యూరప్ మార్కెట్ మీదే. గ్రీన్ అనిపించుకోవాలంటే ఈయూ షరతు కఠినం. 2030 నుంచి హైడ్రోజన్ తయారైన గంటలోనే ఆ సోలార్, విండ్ కరెంటు కూడా పుట్టి ఉండాలి. రాత్రి ఎండ ఎక్కడిది? అందుకే కర్నూలు దగ్గర పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి ముఖ్యం. పగలు సోలార్‌తో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదులుతారు. ఆంధ్రప్రదేశ్ 2024లో, తెలంగాణ 2025లో క్లీన్ ఎనర్జీ పాలసీలు తెచ్చాయి. 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్లు అని తెలంగాణ లక్ష్యం. అదే రాష్ట్రంలో దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కూడా వచ్చింది. రెండూ ఒకే గ్రిడ్‌లోకి పోతాయి, మా ఎక్సెల్ షీటులో ఒకే గడిలోకి వస్తాయి.

చిన్నాయన విషయానికొస్తే, బాలానగర్‌లో బోల్టులు చేసే ఏడుగురు కలిసి ఒకే మిల్లు నుంచి వైర్ రాడ్ కొంటామని పోయిన నెల మాట ఇచ్చారు. ప్రతి హీట్ నంబర్‌కీ కార్బన్ అంకె రాసి సంతకం పెట్టాలన్నది వాళ్ల షరతు. ఒక్కడు అడిగితే పట్టించుకోని మిల్లు ఏడుగురు అడిగేసరికి టెస్ట్ సర్టిఫికెట్‌లో కొత్త గడి చేర్చింది. వెరిఫయర్ ఫీజు కూడా ఏడుగురూ పంచుకుంటారట. 2026లో యూరప్‌కి చేరిన సరుకు లెక్కని అక్కడి దిగుమతిదారులు 2027 సెప్టెంబర్ 30 లోపు అప్పజెప్పాలి. ఈలోపు ఏ పెట్టెలో ఏ కాయిల్ బోల్టులున్నాయో గుర్తుపట్టేలా నంబర్లు రాయడం మొదలుపెట్టారు. చాక్‌పీస్‌తో రాస్తే ఓడలో చెరిగిపోతోందని ఇప్పుడు పెయింట్ మార్కర్లు కొన్నారు.